వంటింటి కిటికీకి పాత చీరేనా?

మా ఆడపడుచు కూతురు యానాంలో ఇల్లు కట్టుకుంది. గృహప్రవేశం పదిరోజులుందనగా, "అత్తయ్యా, కర్టెన్లు నువ్వే ఎంచిపెట్టాలి. నవలలు రాసేదానివి, రంగుల సంగతి నీకు తెలుస్తుంది" అంటూ నన్ను కాకినాడ కొట్టుకి లాక్కుపోయింది. నవలలో నాయిక గదికి లేతనీలం తెరలు కట్టడం తప్ప నాకు తెలిసింది సున్న. అయినా పొగిడితే పడనిదెవరు? వెళ్ళాను.

కొట్టబ్బాయి గుడ్డముక్కల పుస్తకాలు గుట్టగా పోశాడు. హాలుకి మెరుపుల మందపాటి గుడ్డ, దాని వెనక పల్చటి తెల్లతెర. పడగ్గదికి వెలుతురు చొరనివ్వని అస్తరు తెర. పూజగదికి పూసల దండలు. రెండు గంటలు గడిచాయి, బిల్లు కొండలా పెరిగింది.

"మరి వంటింటికో?" అన్నాను.

"దానికేవుంది అత్తయ్యా, పాత చీరేదో చించి కట్టేస్తాను. అక్కడికెవరొస్తారు?"

ఎవరొస్తారట! నాకు ఒళ్ళు మండింది. నువ్వొస్తావు కదే తల్లీ! తెల్లవారి అయిదింటికి పాలు కాచడానికొస్తావు, రాత్రి పదింటికి గట్టు తుడిచి దీపం ఆర్పుతావు. హాల్లోకి చుట్టాలొచ్చేది నెలకి రెండుసార్లు. వాళ్ళ కళ్ళకి వేలు పోసిన తెరా, రోజూ నిలబడేదానికి చిరుగుల చీరా? దీన్ని పొదుపంటే నేనొప్పుకోను. తనని తాను మనిషిగా లెక్కవేసుకోకపోవడమంటాను.

ఈ లెక్క మన ఇళ్ళల్లోనే కాదు. నరసాపురం ప్రాంతంలో లేసు అల్లే ఆడవాళ్ళ మీద మరియా మీస్ అనే జర్మన్ ఆవిడ 1982లో ఒక పుస్తకం రాసింది. మన గోదావరి ఆడవాళ్ళు అల్లిన లేసు దేశదేశాలకు పోతున్నా, వాళ్ళని పనివాళ్ళుగా కాక, ఇంట్లో తీరిగ్గా కూర్చున్న గృహిణులుగానే లెక్కగట్టారని ఆవిడ బాధ. గడప లోపల చేసిన పని ఎవరి కంటా పడదు మరి. "అక్కడికెవరొస్తారు" అన్న మాటా అలాంటిదే.

సరే, మా పిల్ల ఇంటికొద్దాం. వాస్తు ప్రకారం వంటిల్లు ఆగ్నేయాన ఉంది. పొద్దుటి వంటవేళకి ఎండ ఆ కిటికీలోంచే పొడుస్తుంది. మధ్యాహ్నం తిరిగాక సముద్రం మీంచి వీచే చల్లగాలి వచ్చేదీ ఆ దిక్కు నుంచే. కిటికీ చేయవలసిన పని ఎండని ఆపి, గాలిని పిలవడం. అద్దం బిగించి లోపల తెర వేస్తే జరిగేది తిరకాసు. ఎండ అద్దం దాటి లోపలికి వచ్చేశాక తెర కాగుతుంది, గది కాగుతుంది. గాలేమో అద్దం దగ్గరే ఆగిపోతుంది. హాల్లో, పడగ్గదిలో అయితే ఏసీ ఉంది. వంటింట్లో ఏసీ పెట్టించిన మహానుభావుణ్ణి మీరెక్కడైనా చూశారా?

యానాం 1954 దాకా ఫ్రెంచివాళ్ళ ఏలుబడిలో ఉన్న ఊరు. వాళ్ళ పాత ఇళ్ళు పుదుచ్చేరిలో ఇప్పటికీ ఉన్నాయి. కిటికీలకి బయటివైపు ఏటవాలు చెక్కపలకల తలుపులు. ఎండ పలక మీదే ఆగిపోతుంది, గాలి సందుల్లోంచి వస్తుంది. అలాంటి పలకల తెరకి ఫ్రెంచిలో "జలూజీ" అని ఒక పేరు. ఆ మాటకి అసూయ అని అర్థం! లోపలి ఆడది బయటికి చూడొచ్చు, బయటివాడి చూపు లోపలికి పోదు. తన ఇంటి ఆడదాన్ని పరాయివాడు చూడకూడదన్న మగవాడి ఉక్రోషం అందులో ఉందన్నమాట. పేరెలా ఉన్నా, ఆ పలక ఆడదానికి గాలి మిగిల్చింది. మనమేమో పలక పీకేసి ఉక్రోషం మాత్రం దాచుకున్నాం.

"గాలికి స్టవ్వు ఆరిపోతుంది కదండీ" అంటారు మీరు. నిజమే. అందుకే స్టవ్వుని కిటికీ పక్కనుంచి జరపాలి. కిందిసగం మూసి పైసగం తెరవాలి. మంటకి అందేచోట గుడ్డ ఏదీ కట్టకూడదు, నైలాను రకాలైతే బొత్తిగా కూడదు. అవి కరిగి ఒంటికి అంటుకుంటాయి. "జిడ్డు పడుతుంది" అంటారా? వారానికోసారి ఉతుక్కోవడానికే కదా నూలుగుడ్డ పుట్టింది!

ఆఖరికి ఏం చేశామంటే, హాలు మందపాటి గుడ్డ వద్దని చెప్పేశాం. ఆ డబ్బుతో వడ్రంగిని పిలిచి వంటింటి కిటికీకి బయట పలకల తలుపులు చేయించాం. లోపల, స్టవ్వుకి దూరంగా, కిందిసగానికి చేనేత నూలుతెర.

సాయంత్రం అల్లుడుగారు ఇల్లంతా తిరిగి చూసి, "హాలుకి కర్టెన్లేవీ?" అన్నారు.

మా పిల్ల వంటింట్లోంచే జవాబిచ్చింది: "చుట్టాలొచ్చిన రోజున పాత చీరేదో కట్టేద్దాం లెండి!"