ఇంటిపన్ను: నగరం పేరు, ఇతరుల పెత్తనం

ఆస్తిపన్ను నోటీసును మనం రాజకీయ పత్రంగా చదవము. ఎంత కట్టాలో చూసి, ఏప్రిల్‌లో కడితే దక్కే 5 శాతం రాయితీ కోసం త్వరపడి, రసీదును దస్తావేజులతో కలిపి భద్రపరుస్తాము. (ఆ రసీదు యాజమాన్య హక్కుకు రుజువు కాదని న్యాయస్థానాలు ఎన్నిసార్లు చెప్పినా మన నమ్మకం చెదరలేదు.) కానీ ఆ నోటీసులోని అంకెను నిర్ణయించేది ఎవరన్నది పూర్తిగా రాజకీయ ప్రశ్న.

1993 జూన్‌లో అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ నగరాలకు స్వపరిపాలనను వాగ్దానం చేసింది. పన్ను వేసే అధికారాన్ని మాత్రం శాసనసభ అనుమతించిన మేరకే ఇచ్చింది. 2017లో జీఎస్టీ వచ్చి ఆక్ట్రాయ్ వంటివాటిని మింగివేసిన పిమ్మట నగరాలకు చెప్పుకోదగిన సొంత ఆదాయంగా మిగిలింది ఆస్తిపన్నే. దానినైనా సరిగా రాబట్టుకుంటున్నాయా అంటే, బెంగళూరు, జైపూర్ నగరాలు రావలసినదానిలో 5 నుంచి 20 శాతానికి మించి వసూలు చేయడం లేదని 2016-17 ఆర్థిక సర్వే లెక్కగట్టింది.

2020లో కరోనా వేళ కేంద్రం రాష్ట్రాల రుణపరిమితిని పెంచుతూ, ఆ పెంపులో కొంత భాగానికి సంస్కరణల షరతు పెట్టింది. రిజిస్ట్రేషన్ విలువలకు అనుగుణంగా ఆస్తిపన్ను కనీస రేట్లు ప్రకటించడం అందులో ఒకటి. ఆంధ్రప్రదేశ్ ఆ ఏడాదే చట్టాన్ని సవరించి, 2021 ఏప్రిల్ నుంచి అద్దె విలువకు బదులు మూలధన విలువపై పన్ను విధించింది. సూత్రరీత్యా ఈ పద్ధతిని నేను వ్యతిరేకించను. కాలం చెల్లిన అద్దె అంచనాల కంటే ఇది వాస్తవానికి దగ్గర. అయితే విజయవాడ నడిబొడ్డున తండ్రి కట్టిన ఇంట్లో పింఛనుతో బతికే వ్యక్తికి స్థలం విలువ పెరిగినంత మాత్రాన ఆదాయం పెరగదు. ఏటా పెంపు 15 శాతం దాటరాదన్న నిబంధన ఆ భారాన్ని వాయిదా వేస్తుందే తప్ప తొలగించదు. ఇటువంటి అభ్యంతరాన్ని ఎవరికి చెప్పుకోవాలి? సవరణ జరిగిన నాటికి రాష్ట్రంలోని అత్యధిక పురపాలక సంఘాలలో ఎన్నికైన పాలకవర్గమే లేదు. వాటి గడువు 2019లో ముగిసింది. ఎన్నికలు 2021 మార్చిలో గాని జరగలేదు. అంటే ప్రజలు ఓటు వేయకముందే పన్ను ఖరారైంది.

హైదరాబాదుది మరో కథ. అక్కడ ఇంటికి పన్ను నేటికీ అద్దె విలువ మీదే. నెలసరి విలువ 300 రూపాయలు దాటితే 30 శాతం శ్రేణి వర్తిస్తుంది. నగరంలో 300 రూపాయల అద్దె ఎక్కడ దొరుకుతుందో శ్రేణులు రాసినవారికే తెలియాలి! కనుక అసలు బేరమంతా చదరపు అడుగుకు అధికారులు వేసే అద్దె అంచనాలోనే ఉంది. నోటీసులో విస్తీర్ణం, వినియోగ రకం, కట్టడం వయస్సు సరిగా ఉన్నాయో లేదో చూసుకుని, తేడా ఉంటే వెంటనే సవరణ అర్జీ పెట్టుకోవలసినది అందుకే.

రాయితీల విషయానికి వస్తే, 2020 దీపావళికి తెలంగాణ ప్రభుత్వం హైదరాబాదులో 15 వేల రూపాయల వరకు పన్ను కట్టే ఇళ్ళకు సగం మాఫీ ప్రకటించింది. డిసెంబరు 1న నగరపాలక ఎన్నికలు జరిగాయి. 2022 జనవరి 1న ముంబైలో 500 చదరపు అడుగులలోపు ఇళ్ళకు పూర్తి మినహాయింపు ప్రకటించారు. అక్కడా ఎన్నికలు దగ్గరలోనే ఉన్నాయనుకున్న కాలమది. పేదకు ఊరట అవసరమే. కానీ రెండు చోట్లా వదులుకున్నది నగరం ఆదాయం, ప్రకటించినది రాష్ట్ర ప్రభుత్వం. హైదరాబాదులో బకాయిదారులకు పోగుపడిన వడ్డీలో 90 శాతం మాఫీ చేసే పథకం 2020లో, మళ్ళీ 2022లో, ఆ తరువాతా వచ్చింది. ఏప్రిల్‌లోనే కట్టినవాడికి దక్కేది 5 శాతం.

బెంగళూరు పాలకమండలి గడువు 2020 సెప్టెంబరులో తీరిపోయింది. ఏళ్ళు గడిచినా ఎన్నికలు జరగలేదు; ఆస్తిపన్ను వసూలు మాత్రం ఏ ఏడాదీ ఆగలేదు.