మరకలలో దొరకని నేరము

కలకత్తా తూర్పు అంచున వెలసిన న్యూ టౌన్‌లో, 2014లో తెఱచిన మైనపు బొమ్మల ప్రదర్శనశాలకు పోయిన జనము, రవీంద్రుని మొగమునందో మదర్ థెరిసా కన్నులయందో వారి గుణములను వెదకుచు నిలిచిపోవుట చూచినప్పుడెల్ల, రూపమును బట్టి స్వభావమును నిర్ణయింపగోరు వాంఛ మనుష్యునకు ఎంత సహజమో తెలియుచున్నది. మన సాముద్రికము ఈ వాంఛ నుండియే పుట్టినది. మహనీయుల విషయమున ఇది నిరపాయమైన వేడుక. మహాపాతకుల విషయమున మాత్రము కాదు.

స్విట్జర్లండు వైద్యుడు హెర్మన్ రోషాక్ 1921లో ప్రకటించిన పది సిరామరకల అట్టలను, రెండవ ప్రపంచ యుద్ధానంతరము న్యూరెంబర్గు చెఱసాలలో, మానసిక వైద్యుడు డగ్లస్ కెల్లీయు మనస్తత్వవేత్త గుస్టావ్ గిల్బర్టును గోరింగు మొదలగు నాజీ నాయకులకు చూపి, వారికి ఆ మరకలలో ఏమి కనబడుచున్నదో వ్రాసికొనిరి. లక్షలాది ప్రాణములను బలిగొన్నవారి మనస్సు తక్కిన లోకము మనస్సువంటిది కారాదని అందఱి ఆశ. ఇట్టివారు ఏ దేశమునందైనను ఉండగలరని కెల్లీ తేల్చెను. గిల్బర్టు వారిలో వికృతిని చూచెను. అట్టలు అవియే, ఖైదీలు వారే, నిర్ణయములు మాత్రము రెండు! మూడు దశాబ్దముల పిమ్మట మోలీ హారోవర్ అను పండితురాలు ఆ జవాబులను ఇతరుల జవాబులతో కలిపి, పేర్లు దాచి నిపుణులకు పంపగా, ఏవి నాజీలవో వారు గుర్తింపలేకపోయిరి.

ఇందులకు ఆశ్చర్యపడవలసినది లేదు. గుంటూరు సీమలోని చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనమండుగురు దళితులను చంపినది అడవినుండి దిగివచ్చిన రాక్షసులు కారు, పరిసరములలోని మనుష్యులే. ఆ గ్రామమునందే నెలకొల్పిన ప్రత్యేక న్యాయస్థానము 2007లో ఇరువదియొక్కరికి యావజ్జీవ శిక్ష విధింపగా, 2014లో హైకోర్టు శిక్షపడిన వారినందఱను నిర్దోషులుగా విడిచిపెట్టెను. అచట తూచవలసినది సాక్ష్యమునే గాని స్వభావమును కాదు. నిందితుని సమ్మతి లేక నార్కో పరీక్షలు, బ్రెయిన్ మ్యాపింగు జరుపరాదని 2010లో సుప్రీంకోర్టు సెల్వి కేసులో చెప్పుట ఈ కారణమున గూడ సమంజసము.

అయితే స్వభావమును విడిచి కార్యమును విచారింపవలెనన్నచో, ఆ కార్యమునకు చట్టములో ముందుగా ఒక నామము ఉండవలెను. ఈ మాటను కలకత్తా వాసులకు వేఱుగా చెప్పనక్కఱలేదు. కలకత్తా హైకోర్టు న్యాయమూర్తిగా పనిచేసిన రాధాబినోద్ పాల్, జపాను యుద్ధనాయకులను విచారించిన టోక్యో న్యాయస్థానమున 1948లో తక్కినవారితో విభేదించి, కార్యము జరిగిన నాటికి లేని నేరమును తరువాత సృష్టించి శిక్షింపరాదని, నిందితులందఱు నిర్దోషులని వ్రాసెను. చైనాలోని నాన్‌కింగున జపాను సైన్యము చేసిన దారుణములను ఆయన కాదనలేదు. ఆయన తీర్పు ముగింపుతో నేను ఏకీభవింపను. జపానులోని కొందఱు దానిని యుద్ధసమర్థనకు వాడుకొనుటయు నాకు రుచింపదు. కాని ఆ ఆక్షేపణ మన రాజ్యాంగము 20వ అధికరణములోను కలదు, దానిని త్రోసిపుచ్చుట తగదు.

కనుకనే నేటి మన స్థితి శోచనీయము. జాతిసంహార నిషేధ ఒడంబడికను భారతదేశము 1959లో ధ్రువపఱచియు, దానిని అమలుపఱచు చట్టమును నేటికిని చేయలేదు. 1984 నాటి సిక్కుల హత్యాకాండకు సంబంధించి 2018 డిసెంబరు 17న మాజీ పార్లమెంటు సభ్యుడు సజ్జన్ కుమార్‌ను శిక్షించుచు ఢిల్లీ హైకోర్టు, జాతిసంహారముగాని మానవత్వముపై నేరములుగాని మన శిక్షాస్మృతిలో లేవని, ఈ లోపము తీర్పవలెనని స్పష్టముగా చెప్పెను. 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహిత మూకహత్యకు చోటిచ్చెను గాని ఈ రెండింటికి ఇయ్యలేదు. రేపు చేయు చట్టము నిన్నటి ఘోరమునకు వర్తింపదు గనుక, మఱియొక ఘోరము జరుగకముందే పార్లమెంటు ఈ నేరములను నిర్వచించి సంహితలో చేర్పవలెను.