ప్రధానవిషయమునకుఁ దోడైన ఉపవిషయము

ప్రతి సంవత్సరమును పదవతరగతి పరీక్షలు ముగిసిన వెంటనే మా విద్యార్థుల యిండ్లలో నొక ప్రశ్న పుట్టును: “ఏ గ్రూపు తీసికొనవలెను?” ఇంటర్మీడియటు ముగిసిన పిమ్మట ఆ ప్రశ్నయే “డిగ్రీలో మేజరేది?” యని మాఱును. దీనినిగూర్చి తల్లిదండ్రులును, మేనమామలును, ఇరుగుపొరుగువారును రాత్రులు గూర్చుండి చర్చింతురు. దాని వెనువెంట వచ్చు రెండవ ప్రశ్నను మాత్రము లెక్కించువారు తక్కువ. “మైనరేది?” యని గుమాస్తా యడుగఁగా, ప్రక్కనున్న స్నేహితుఁడు దేనిని వ్రాసెనో దానినే వ్రాసి పత్రము చేతికిచ్చి వచ్చువారు పెక్కండ్రు. మన వాడుకలో మైనరనఁగా పదునెనిమిదేండ్లు నిండనివాఁడు. లేదా తాతలార్జించిన సొమ్మును వ్యర్థపఱచు విలాసపురుషుఁడు. ఆ పేరువలననే కాఁబోలు, ఈ విషయమునకుఁ దగిన గౌరవము లభింపకున్నది. ఇది పొరపాటని మా యభిప్రాయము.

పూర్వపు పద్ధతిలో మన బి.ఏ., బి.యస్సీ. విద్యార్థులు మూఁడు విషయములను సమానముగాఁ జదువుచుండిరి. విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘమువారు 2022 డిసెంబరులో వెలువరించిన ప్రణాళిక వేఱొక మార్గమును జూపెను. ఆంధ్రప్రదేశమునందు 2023-24 విద్యాసంవత్సరమున ఒక ప్రధానవిషయము, ఒక ఉపవిషయము అను పద్ధతి ప్రవేశపెట్టఁబడెను. ఇట్టి యేర్పాటులు అప్పుడప్పుడు మాఱుచుండును గావున, చేరునాఁటి నియమములను ఆయా కళాశాలలోనే విచారించి తెలిసికొనవలెను. అయినను, పై ప్రణాళికలోని లెక్క గమనింపఁదగినది. మూఁడేండ్ల పట్టమునకు 120 క్రెడిట్లు కావలెను. అందు ప్రధానవిషయమునకు 60, ఉపవిషయమునకు 24. నాలుగేండ్ల పట్టమునకు 160 కావలెను. అందు ప్రధానవిషయమునకు 80, ఉపవిషయమునకు 32. అనఁగా, ఏ విధముగాఁ జూచినను చదువులో నైదవవంతు ఉపవిషయముదే. ఐదెకరముల రైతు ఒక యెకరమును బీడు విడుచునా? విడువఁడు.

అజాగ్రత్తవలని నష్టమెట్టిదో యొక యుదాహరణముచేఁ జెప్పెదము. ఒక కూలివాని కుమార్తె గణితోపాధ్యాయిని కావలెనని కోరుచున్నదనుకొందము. ఆమె రసాయనశాస్త్రమును బ్రధానముగాఁ గైకొని, ఉపవిషయమును జెలికత్తె మాటపై నెన్నుకొనినది. పట్టము పుచ్చుకొని బి.ఎడ్. ప్రవేశమునకుఁ బోవఁగా, గణితబోధనపద్ధతి నెన్నుకొనుటకు డిగ్రీలో గణితము చదివియుండవలెనందురు. ఆనాఁడు ఎవరిని నిందించిన నేమి ఫలము? ఆమె మార్కులకుఁ గొఱఁత లేదు, శ్రద్ధకుఁ గొఱఁత లేదు. చేరిననాఁడు ఒక్క గడిలో గణితమని వ్రాయకపోవుటయే కొఱఁత. ధనికుల బిడ్డలు మరల మూఁడేండ్లు చదువఁగలరు. మా విద్యార్థులలో పెక్కుమందికి అట్టి యవకాశము లేదు. కనుకనే మేమింతగాఁ జెప్పవలసివచ్చినది.

ఉపవిషయము నెన్నుకొనుటకు ముందు ప్రతి విద్యార్థియు మూఁడు ప్రశ్నలు వేసికొనవలెనని మా సలహా. మొదటిది: నా ప్రధానవిషయమునకు లేని పనిముట్టును ఇది నా చేతికిచ్చునా? అర్థశాస్త్రము చదువువానికి సంఖ్యాశాస్త్రమును, వాణిజ్యము చదువువానికి కంప్యూటరు విద్యయు, చరిత్ర చదువువానికి మఱియొక భాషయు నట్టి పనిముట్లు. రెండవది: నేను కోరు వృత్తికిఁ గాని, పైచదువునకుఁ గాని ఇది తలుపు తెఱచునా? మూఁడవది: దీనితోఁ గొన్ని సంవత్సరములు కలసిమెలసి యుండుటకు నా మనస్సొప్పుకొనునా? మూఁడింటికిని ఔనని యుత్తరము వచ్చిన విషయము దొరకుట యదృష్టము. రెండింటికి వచ్చినను మేలే. ఒక్కదానికైనను రానిదానిని, “అందులో మార్కులు సులభముగా వచ్చును” అను మాటపై నెన్నుకొనరాదు.

మన పెద్దల జీవితములు దీనికి సాక్ష్యములు. కల్యంపూడి రాధాకృష్ణారావుగారు ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితము నభ్యసించి, పిమ్మట కలకత్తాలో 1943లో సంఖ్యాశాస్త్రమున ఎం.ఏ. పట్టము నందిరి. 1946లో కేంబ్రిడ్జికేఁగి, సూడాను దేశమునఁ ద్రవ్వి తీసిన ప్రాచీన మానవుల యెముకల కొలతలను పరిశీలించిరి. గణితము సంఖ్యాశాస్త్రమునకును, సంఖ్యాశాస్త్రము మానవశాస్త్రమునకును ఉపకరించినవి. 2023లో వారికి అంతర్జాతీయ సంఖ్యాశాస్త్ర బహుమానము లభించెను. గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో చరిత్ర బోధించుచునే సవరలభాష నేర్చి, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువును బ్రకటించిరి. ఆ భాష నేర్వుమని వారి నే పరీక్షయు నిర్బంధింపలేదు. వారి రెండవ విద్యయే ఒక జాతికి మహోపకారమైనది.

కొందఱు తల్లిదండ్రులు, “ఇన్ని మాట లేల? కాలము కంప్యూటరులది, ఎవరైనను దానినే తీసికొనవలెను” అందురు. కంప్యూటరు విద్యను మేము తక్కువ చేయము. కాని యది కొడవలి వంటిది; కోయుటకుఁ జేను కావలెను. వృక్షశాస్త్రము తెలిసినవాఁడు ఆకుతెగుళ్లను గుర్తించుటకు దానిని వినియోగింపఁగలఁడు. బిడ్డకు దేనియందును నిజమైన పట్టు లేక, కంప్యూటరు పాఠములు నాలుగు మాత్రమే వచ్చిన, ఆ పనికి ముందే వేలకొలఁది నిలిచియుందురు. ప్రధానవిషయమును నిర్లక్ష్యము చేసి ఉపవిషయముతో నెట్టుకొని రావచ్చునని తలఁచుటయు నట్టి భ్రమయే. సగమును బోఁగొట్టుకొని యైదవవంతుతో బ్రదుకుట యెట్లు?

చిన్న పట్టణముల కళాశాలలలో అధ్యాపకులు కొలఁదిగా నుండుటచే, కోరిన ఉపవిషయము దొరకకపోవచ్చును. ఇది న్యాయమైన ఫిర్యాదు. అట్టి సందర్భమున 2021 నాఁటి నియమములను బట్టి స్వయం అను కేంద్రప్రభుత్వపు పాఠముల క్రెడిట్లను, ఒక సెమిస్టరులో నూటికి నలువది వఱకు, కళాశాల యంగీకరింపవచ్చును. అడుగుటకు సిగ్గుపడరాదు. చేరుటకు ముందే, ఏ యే ఉపవిషయములు గలవు, వానిని బోధించువారు గలరా యని విచారించి మఱి చేరవలెను.

బైబిలు తరగతిలో మన మెఱిఁగిన పౌలు గమలీయేలు పాదములయొద్ద ధర్మశాస్త్రమును నేర్చినవాఁడు. గుడారములు చేయు పనియు నెఱిఁగినవాఁడు. కొరింథు పట్టణమున అకుల ప్రిస్కిల్లలతోఁ గూడి యాతఁడా పని చేసెను. ఆతని ముఖ్యమైన పిలుపునకు ఆ చేతిపని యడ్డు రాలేదు, అండగా నిలిచినది.

పదవతరగతివారితోడను, వారి తలిదండ్రులతోడను ఈ విషయమునుగూర్చి మాటలాడుటకు మా యుపాధ్యాయులు సంవత్సరమున కొక సాయంకాలము కేటాయింపవలెనని కోరుచున్నాము. విద్యార్థులారా, పత్రములోని రెండవ గడిని తొందరపడి నింపకుఁడు. ఒక రాత్రి యాలోచింపుఁడు, తెలిసినవారి నడుగుఁడు, తరువాత మీ చేతితో మీరే వ్రాయుఁడు.