రసీదు లేనిదే పని అడిగినట్టు కాదు

అన్నలారా, ఎండాకాలం చేలో పని ఉండదు. ఉపాధి పని అడిగితే "ఇప్పుడు లేదు, వచ్చే వారం చూద్దాం" అంటారు. మనం తల ఊపి వచ్చేసి, మూడు రూపాయల వడ్డీకి అప్పు చేస్తాం.

ఉపాధి హామీ చట్టంలో ఏముంది? అడిగిన 15 రోజుల్లో పని చూపకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలి. మొదటి 30 రోజులు కూలిలో నాలుగో వంతు, ఆ తర్వాత సగం. కూలి 300 అనుకుంటే రోజుకు 75, తర్వాత 150. ఆ డబ్బు రాష్ట్ర ప్రభుత్వం కట్టాలి. అందుకే తేదీ వేసి రసీదు ఇవ్వడానికి వాళ్లకు చేతులు రావు. తేదీయే లేకపోతే 15 రోజులు ఎక్కణ్ణుంచి లెక్కపెడతాం? నోటితో అడిగింది కంప్యూటర్లో ఎక్కదు. పని దొరికాకే మనం అడిగినట్టు రాసుకుంటారు, లెక్క సాఫీ!

"ఉపాధి పని వల్లే కూలీలు దొరకట్లేదు, మనకెందుకు ఆ గొడవ" అనే రైతులూ ఉన్నారు. రెండెకరాలవాడు మే నెలలో ఎవరండీ? కూలీ కాదా?

జాబ్ కార్డు ఉన్నవాళ్లు తెల్ల కాగితం మీద రాసివ్వండి, ఏ తేదీ నుంచి, ఎన్ని రోజులు పని కావాలో. ఒక్కరే వెళ్లొద్దు, పదిమంది కలిసి వెళ్లండి. రసీదు చేతికొచ్చేదాకా పంచాయతీ ఆఫీసు మెట్లు దిగొద్దు. ఇవ్వమంటే అదే కాగితం మండల ఆఫీసులో ఇచ్చి, అక్కడ ముద్ర వేయించుకోండి.