జొరబడేవాడికి ఎర వేయాల్సిందే

1986లో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో కంప్యూటర్ వాడకపు లెక్కల్లో 75 సెంట్ల తేడా వచ్చింది. ఆ చిల్లర సంగతి తేల్చమని క్లిఫర్డ్ స్టోల్ అనే ఖగోళ శాస్త్రవేత్తకు అప్పగిస్తే, బయటివాడెవడో చొరబడి అక్కడి నుంచి సైనిక కంప్యూటర్లను గాలిస్తున్నట్టు బయటపడింది. దారి మూసేస్తే ఆ పూటకు పీడ వదిలేది. స్టోల్ ఆ పని చేయలేదు. 'స్టార్ వార్స్' రక్షణ పథకానివిగా కనిపించే దొంగ ఫైళ్లు సృష్టించి, వాడి కంటపడేలా ఉంచాడు. వాడు వాటిని తోడుకుంటూ గంటల కొద్దీ లైన్‌లో ఉండిపోవడంతో ఫోన్ ఆనవాలు పశ్చిమ జర్మనీలోని హానోవర్ దాకా దొరికింది. దొరికినవాడు మార్కస్ హెస్. అతని ముఠా ఆ సమాచారాన్ని సోవియట్ గూఢచారి సంస్థ కేజీబీకి అమ్ముకుంటోంది.

మన ప్రభుత్వ సంస్థలూ ఇలా ఎర వేయడం నేర్చుకోవాలి. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లపై దాడి జరిగితే రోజుల తరబడి రోగుల వివరాలు చేత్తో రాసుకోవాల్సి వచ్చింది. ఇలాంటి చొరబాటును ముందే పసిగట్టడం కష్టం: అసలు సర్వర్‌లోకి రోజూ వేలమంది వస్తూపోతూ ఉంటారు, ఆ రద్దీలో దొంగ కలిసిపోతాడు. ఎర సర్వర్‌తో ఎవరికీ పనుండదు కనుక దాన్ని ఎవరు తట్టినా అనుమానించాల్సిందే. ఉచితంగా దొరికే 'కౌరీ' లాంటి హనీపాట్ (ఎర సర్వర్ సాఫ్ట్‌వేర్), వచ్చినవాడు ప్రయత్నించిన పాస్‌వర్డ్‌లను, కొట్టిన ప్రతి కమాండ్‌నూ రాసిపెడుతుంది. దించుకున్న వైరస్‌ నకలు దాచిపెడుతుంది. 2016లో కెమెరాలు, రౌటర్లను లొంగదీసుకున్న మిరాయ్ అనే మాల్‌వేర్, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పాస్‌వర్డ్‌లనే వరసగా ప్రయత్నిస్తూ పాకిందన్న సంగతి పరిశోధకులకు ఇలాంటి ఎరల్లోనూ కనిపించింది.

ఇది మనమే నేరానికి పురికొల్పడం కాదా అని కొందరు అడుగుతారు. కాదు. మనం ఎవరినీ పిలవలేదు, తాళాలు వెతుక్కుంటూ వచ్చింది వాడే. ఆరితేరినవాడు ఎరను పసిగడతాడన్నది నిజమే. అయితే ఏది ఎరో తేల్చుకోవడానికి వాడికీ సమయం పడుతుంది, అడుగడుగునా ఆగాల్సి వస్తుంది. అన్నిటికన్నా బరువైన అభ్యంతరం మరొకటి: పట్టు తప్పిన ఎర సర్వర్ నుంచే ఇతరులపై దాడి జరగవచ్చు. అందుకే దాన్ని అసలు నెట్‌వర్క్ నుంచి పూర్తిగా వేరుచేయాలి, బయటికి వెళ్లే దారులు బిగించాలి, అందులో ఒక్క రోగి వివరం కూడా నిజమైనది ఉండకూడదు. ఎర రాసిపెట్టిన రికార్డులను రోజూ చదివే నిపుణుడికి జీతం కూడా బడ్జెట్‌లో కేటాయించాకే ఆసుపత్రి గానీ, విద్యుత్ సంస్థ గానీ ఈ పనికి దిగాలి.