మత్తు డాక్టరుకు చెప్పని మందులు

శస్త్రచికిత్స అనగానే మన పెద్దలకు కత్తి కంటే మత్తు అంటేనే భయం ఎక్కువ. "ఈ వయసులో మత్తు ఇస్తే మళ్లీ లేస్తారా?" అన్న ప్రశ్న, గుడ్లవల్లేరు పరిసరాలలో ముప్ఫై ఏళ్లుగా ఆయుర్వేద వైద్యం చేస్తున్న నేను వినని నెల లేదు. ఆపరేషన్ లేకుండా కషాయంతోనో తైలంతోనో గట్టెక్కించమని గుడివాడ నుంచి, కౌతవరం నుంచి, పెడన నుంచి వృద్ధులను వెంటబెట్టుకుని వచ్చేవారున్నారు. వారిలో కొందరికి నిజంగానే ఆపరేషన్ అక్కరలేదు. కాని స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరిగిన వృద్ధురాలిని నా వద్దకు తెస్తే, ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి తీసుకువెళ్లమని మాత్రమే చెబుతాను. కట్టు కట్టి నెలల తరబడి మంచాన పరుండబెడితే ఊపిరితిత్తులలో నెమ్ము చేరుతుంది, పడకపుండ్లు పడతాయి, కాలి సిరలలో రక్తం గడ్డకడుతుంది. మత్తుకు భయపడి ఆపరేషన్ మానుకున్న వృద్ధులలో పలువురిని తీసుకుపోయేది విరిగిన ఎముక కాదు, ఆ మంచమే.

మత్తు శాస్త్రం మన తెలుగు నేలకు కొత్త కాదు. 1888, 1889 సంవత్సరాలలో నిజాం ప్రభుత్వ ఆదరణతో, డాక్టర్ ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో హైదరాబాదులో రెండు క్లోరోఫారం కమిషన్లు పనిచేశాయి. రోగి శ్వాసను కనిపెట్టి ఉంటే చాలు, గుండెకు ముప్పు లేదని అవి తేల్చాయి. ఆ తీర్పు నిలవలేదు. క్లోరోఫారం నేరుగా గుండె లయనే చెడగొట్టగలదని 1911లో లెవీ అనే ఆంగ్ల వైద్యుడు చూపాడు. ఈనాడు శ్వాసను, గుండెను, రక్తపోటును, రక్తంలోని ప్రాణవాయువును క్షణక్షణమూ యంత్రాలు చూపుతూనే ఉంటాయి. కరోనా రోజులలో మనమంతా వేలికి తగిలించుకున్న చిన్న క్లిప్పు వాటిలో ఒకటి. కాబట్టి వయస్సు మీరిందన్న ఒక్క కారణంతో మత్తును కాదనడం తగదు. ఎనభై ఏళ్లవారూ సుఖంగా ఆపరేషన్ చేయించుకుని ఇళ్లకు వస్తున్నారు.

అయితే వార్ధక్యం శరీరాన్ని మార్చివేస్తుందన్నది సత్యం. చరకుడు అరవై దాటిన వయస్సును, సుశ్రుతుడు డెబ్బై దాటిన వయస్సును వార్ధక్యంగా లెక్కించారు. ఆ దశలో వాతమే ప్రధానమని, ధాతువులు క్షీణిస్తాయని మన శాస్త్రం చెబుతుంది. మత్తు వైద్యులు చెప్పేది దీనికి ఎంతో దూరంగా లేదు. వయస్సు మీరినకొద్దీ ఒంటిలో నీటి పాలు తగ్గి కొవ్వు పాలు పెరుగుతుంది. కొవ్వులో కరిగే మందు అక్కడ నిలిచి ఆలస్యంగా వదులుతుంది. కాలేయం, మూత్రపిండాలు మందును బయటకు పంపడంలో మందగిస్తాయి. రక్తప్రసరణ నెమ్మదించినందున నరానికి ఎక్కించిన మందు మెదడును చేరడానికి కొంత జాగు అవుతుంది. ఇంకా నిద్రపట్టలేదని తొందరపడి మరికొంత ఇస్తే రక్తపోటు దబ్బున పడిపోతుంది. పీల్చే మత్తుమందు నలభై ఏళ్లు దాటాక ప్రతి పదేళ్లకూ సుమారు 6 శాతం చొప్పున తక్కువ సరిపోతుంది. అంటే నలభై ఏళ్ల మనిషికి పట్టే మోతాదులో సుమారు నాలుగింట మూడు వంతులు ఎనభై ఏళ్లవారికి చాలు. ఈ లెక్కలు మత్తు డాక్టర్లకు తెలియనివి కావు. వారికి తెలియనిది మనం దాచిపెట్టేదే.

పూర్తి మత్తు ప్రమాదమనీ, వెన్నులో ఇంజెక్షన్ నిరపాయమనీ ఒక నమ్మకం ఊళ్లలో గట్టిగా ఉంది. తుంటి విరిగిన 1600 మందిపై అమెరికా, కెనడాలలో జరిగిన పరిశీలన 2021లో వెలువడింది. అరవై రోజుల నాటికి మరణించినవారు, తమంతట నడవలేకపోయినవారు కలిసి వెన్ను ఇంజెక్షన్ పొందినవారిలో 18.5 శాతం, పూర్తి మత్తు పొందినవారిలో 18 శాతం. తేడా లేనట్టే. ఏది తగినదో రోగిని చూసి మత్తు డాక్టరు నిర్ణయించవలసిన విషయం. ఆ నిర్ణయానికి మనం ఇవ్వవలసింది నిజమైన సమాచారం.

ఇక అసలు మాటకు వస్తాను. మన ఇళ్లలో వృద్ధులు వాడే మందులలో సగం ఆసుపత్రి కాగితం ఎక్కవు. "ఏమైనా మందులు వాడుతున్నారా?" అని మత్తు డాక్టరు అడిగితే "బి.పి. బిళ్ల ఒకటి వేసుకుంటారండీ" అన్న జవాబు వస్తుంది. రాత్రిపూట పాలలో వేసుకునే అశ్వగంధ చూర్ణం మందు అనిపించదు. మోకాళ్ల నొప్పికి సంతలో కొన్న పొట్లం చెప్పడానికి సిగ్గు. ఆయుర్వేదం అంటే డాక్టరుగారు కసురుతారేమోనని భయం. అందులో అబద్ధమూ లేదు, కసిరేవారున్నారు. ఒకరు కసిరితే ఇంకొకరు దాచడం నేర్చుకుంటారు. మధ్యలో నలిగేది రోగి ప్రాణం. పైగా మన వైపు పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటారు. ఆపరేషన్ కాగితంపై సంతకం చేసే మేనల్లుడికి మామయ్య ఏ లేహ్యం తింటున్నారో ఎలా తెలుస్తుంది?

సర్పగంధనే తీసుకుందాం. రక్తపోటుకు, నిద్రకు మన వైద్యులు తరతరాలుగా వాడిన మూలిక. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ దాని గుణాన్ని బ్రిటిష్ వైద్య పత్రికలో ప్రకటించి లోకమంతటికీ చాటాడు. 1952లో స్విట్జర్లాండులో దాని నుంచి రిసర్పిన్ అనే సారాన్ని వేరుచేశారు. ఆ తరువాత కొద్ది ఏళ్లకే, దానిని వాడుతున్న రోగులకు మత్తు ఇచ్చినప్పుడు కొందరిలో రక్తపోటు పడిపోతున్నదని మత్తు వైద్యులు గమనించారు. నాడులు దాచుకునే ఉత్తేజక ద్రవ్యాన్ని అది ఖాళీ చేస్తుంది. అప్పుడు రక్తపోటును లేపడానికి మామూలుగా ఇచ్చే మందులలో కొన్ని సరిగా పనిచేయవు. ముందే తెలిస్తే డాక్టరు వేరే మందు సిద్ధంగా ఉంచుకుంటాడు. తెలియకపోతే బల్ల మీద వెతుకులాట మొదలవుతుంది.

మిగిలినవి క్లుప్తంగా చెబుతాను. అశ్వగంధ, జటామాంసి నిద్రమందుల మత్తును పెంచవచ్చు. అతిమధురం ఎక్కువ కాలం తింటే రక్తంలో పొటాషియం తగ్గి, రక్తపోటు పెరిగి గుండె లయ తప్పవచ్చు. వెల్లుల్లి, పసుపు, అల్లం కూరలో వేసుకున్నంత మాత్రాన భయం లేదు గాని, వాటి సారాన్ని గొట్టాల రూపంలో పెద్ద మోతాదులో మింగేవారికి రక్తస్రావం ఎక్కువ కావచ్చు. మూలికా మందులను ఆపరేషన్‌కు కనీసం రెండు వారాల ముందు ఆపడం మేలని అమెరికా మత్తు వైద్యుల సంఘం సూచించింది. తొందర ఆపరేషన్ అయితే ఆపడానికి వ్యవధి ఉండదు, కాని చెప్పడానికి ఉంటుంది.

అన్నింటికంటె నన్ను కలవరపెట్టేది పేరులేని పొట్లం. ఉబ్బసానికి, కీళ్ల నొప్పులకు ఒక్క రోజులో గుణం చూపే పొడులలో కొన్నింట స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. నెలల తరబడి తింటే మూత్రపిండాలపై ఉండే అడ్రినల్ గ్రంథులు తమ పని తాము చేయడం మానుకుంటాయి. ఆపరేషన్ ఒత్తిడిలో శరీరానికి ఆ స్రావం అవసరమైనప్పుడు అది అందదు. రక్తపోటు కారణం తెలియకుండా జారిపోతుంది. అలాగని ఆ పొట్లాన్ని హఠాత్తుగా ఆపడం కూడా అపాయమే. పొట్లం చేతపట్టుకుని వెళ్లి డాక్టరుకు చూపించాలి. దీనిని ఆయుర్వేదమని పిలవడం చరకునికి అవమానం.

మరొక హెచ్చరిక. ఈ వ్యాసం చదివి బి.పి., గుండె, చక్కెర బిళ్లలను ఎవరూ సొంతంగా ఆపకూడదు. రక్తాన్ని పలుచబరిచే మందు మాత్రం తప్పక ముందుగా చెప్పాలి. అది ఒంటిలో ఉండగా వెన్నులో సూది గుచ్చితే లోపల రక్తం చేరి కాళ్లు పడిపోయే ప్రమాదం ఉంది. ఎప్పుడు ఆపాలో, ఆపాలో లేదో డాక్టరే చెప్పాలి.

ఉపవాసం విషయంలో మన ఇళ్లలో ప్రేమే శత్రువవుతుంది. సుశ్రుతుడు సాధారణంగా రోగికి ఆహారమిచ్చి, మద్యం తాగించి శస్త్రం ప్రయోగించమన్నాడు. కాని ఉదరం, మూలవ్యాధి, అశ్మరి, భగందరం, ముఖరోగాలు, మూఢగర్భం వంటి వాటిలో ఖాళీ కడుపుతోనే చేయమన్నాడు. నేటి మత్తులో కడుపులోనిది పైకి వచ్చి ఊపిరితిత్తులలో పడే ముప్పుంది. వృద్ధులకు దగ్గే శక్తి, గొంతు జాగరూకత తక్కువ. తేలికపాటి ఆహారానికి ఆరు గంటలు, మంచినీళ్లకు రెండు గంటలు సాధారణ నియమం. పాలు, పాలు కలిపిన కాఫీ ఆహారం కిందే లెక్క. "పెద్దాయన నీరసపడతారు, ఒక్క గుక్క కాఫీయేగా" అని తెల్లవారుజామున తాగించిన సంగతి దాచవద్దు. అలాగే రెండు గంటల నియమం ఉండగా రాత్రి నుంచి నీళ్లు కూడా ముట్టనివ్వకుండా ఎండగట్టడం కూడా మంచిది కాదు. నీరు తగ్గిన ముసలి శరీరం మత్తుకు తట్టుకోలేదు. ఎన్ని గంటలో డాక్టరునడిగి కాగితంపై వ్రాయించుకోవాలి.

ఆపరేషన్ తరువాత రెండవ రాత్రో మూడవ రాత్రో పెద్దవారు అసందర్భంగా మాట్లాడడం, సొంత కొడుకును గుర్తించకపోవడం, గొట్టాలు పీకివేయడం జరుగుతుంటుంది. మతి చలించిందని ఏడ్చేవారున్నారు, గాలి సోకిందని తాయెత్తు కట్టించేవారున్నారు. చాలామందిలో ఇది తాత్కాలికమే. దీనికి వెనుక నొప్పి, మూత్రం బిగిసిపోవడం, జ్వరం, నీరు తగ్గడం, నిద్రమందు ఏదో ఒకటి దొరుకుతుంది, నర్సుకు వెంటనే చెప్పాలి. జ్ఞాపకం మందగించడం కొందరిలో కొంతకాలం నిలుస్తుంది. అరవై దాటిన 1218 మందిపై 1998లో వెలువడిన పరిశీలనలో వారానికి 25.8 శాతం, మూడు నెలలకు 9.9 శాతం మందిలో ఇది కనిపించింది. కళ్లజోడు, చెవి మిషన్, కట్టుడు పళ్లు మెలకువ రాగానే తిరిగి ఇవ్వడం, పగలు వెలుతురు, రాత్రి నిశ్శబ్దం, తెలిసిన మనిషి ప్రక్కన కూర్చుని ఊరి కబుర్లు చెప్పడం ఇందుకు చక్కని ఔషధాలు. మన కుటుంబాలకు చేతనైన పని ఇదే. కాకపోతే ఆ తెలిసిన మనిషి ఒక్కరు చాలు. పదిమంది మంచం చుట్టూ చేరి పలకరిస్తే పెద్దాయన మరింత తికమకపడతారు.

బందరులో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. విజయవాడ దాకా పరుగెత్తకుండా మన వైపు వృద్ధులకు శస్త్రచికిత్స అందే అవకాశం ఇక పెరగాలి. ఆ ఆసుపత్రులకు మా రోగులే వెళతారు. అందుచేత తోటి వైద్యులకు నా విజ్ఞప్తి ఇది: అరవై దాటినవారికి ఇచ్చే ప్రతి మందు పేరూ, ప్రధాన ద్రవ్యాలూ, మొదలుపెట్టిన తేదీ చీటీపై వ్రాసి ఇవ్వండి. ఆపరేషన్ అయితే ఈ చీటీ డాక్టరుకు చూపమని క్రింద ఒక వాక్యం చేర్చండి. మా తాతల నాటి గుప్త యోగాలు బయటపడతాయన్న బెంగ మనలో కొందరికుంది. మత్తు డాక్టరు ఆ యోగాన్ని దొంగిలించడానికి అడగడం లేదు. నేను తెలుగులో వ్రాసి, క్రింద ఇంగ్లీషు అక్షరాలలోనూ వ్రాస్తున్నాను. రోగులు ఆ చీటీని ఆరోగ్యశ్రీ కార్డు ఉంచే ప్లాస్టిక్ సంచిలోనే పెట్టుకుంటున్నారు.