రాజధానియు రైతుకూలియు

ఆంధ్రుల రాజధాని పలుమార్లు విప్పి పలుమార్లు కట్టిన మూట వంటిది. 1953 అక్టోబరు 1వ తేదీన కర్నూలులో గుడారములు వేసి ఆ మూటను విప్పితిమి. 1956 నవంబరు 1వ తేదీ వచ్చునప్పటికి దానిని మరల కట్టి హైదరాబాదునకు మోసికొని పోయితిమి. 2014 జూను 2వ తేదీన రాష్ట్రము రెండైనప్పుడు ఆ నగరము తెలంగాణమునకు దక్కినది. మనకు పదేండ్లకు మించని ఉమ్మడి వాసము మిగిలినది. ఆ గడువును 2024 జూనుతో తీరిపోయినది. ఇట్లు తిరిగి తిరిగి అలసిన జాతి తనకొక స్థిరమైన ముఖ్యపట్టణము కావలెనని కోరుట న్యాయమే. ఆ కోరికను మేము కాదనుట లేదు. అయితే కృష్ణ కుడిగట్టున లేచుచున్న అమరావతి యెవరి వీపుపై నిలుచుచున్నది? ఆ వీపునకు మనము చెల్లించిన కూలి యెంత? ఈ రెండు ప్రశ్నలను అడుగకుండ జయఘోషము చేయుట మాకు చేతగాకున్నది.

తుళ్లూరు, మందడము, రాయపూడి, వెంకటపాలెము మొదలగు గ్రామముల నేల యెట్టిదో గుంటూరు సీమలో నెరుగనివారు లేరు. ఏటి చేరువనున్న జరీబు భూములలో కొద్దిలోతుననే నీరు దొరకును. అరటి, పసుపు, కూరగాయలు, పూలు ఒకదాని వెంట నొకటి పండును. ఎగువనున్న మెట్టలో ప్రత్తియు మిరపయు పండును. ఇట్టి సారవంతమైన నేలను నగరనిర్మాణమునకు బలిచేయరాదని కేంద్రప్రభుత్వము నియమించిన శివరామకృష్ణన్ సంఘము 2014 ఆగస్టులో హెచ్చరించినది. ఆ హెచ్చరికను పెడచెవిని పెట్టిరి. 2015లో 33 వేల ఎకరములకు పైగా సమీకరించిరి. ఆ యేటి విజయదశమినాడు ఉద్దండరాయునిపాలెమున శంకుస్థాపనమును జరిగినది. గడచినదానికి వగచుట మా యుద్దేశము కాదు. దున్నిన నేల గడ్డిపాలై, గడ్డినేల రాచబాటలైన పిదప దానిని మరల మడిగా మార్చుమనుట వృథాలాపము. జరుగవలసినదానిని గూర్చియే మా మొర.

భూమి నిచ్చిన రైతులు పడిన పాట్లు తక్కువవి కావు. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట శాసనసభలో వెలువడగానే వారి నోట మన్ను పడినట్లయినది. వారు దీక్షలు పట్టిరి. 2021లో తిరుపతికి కాలినడకను సాగిపోయిరి. ఉన్నతన్యాయస్థానము తలుపు తట్టిరి. 2022 మార్చి 3వ తేదీన వారికి అనుకూలమైన తీర్పు లభించినది. ఒక ప్రభుత్వము చేసిన బాసను మరియొక ప్రభుత్వము కాలరాచుట యెంత యన్యాయమో వారి గోడు లోకమునకు చాటినది. మంచిదే. వారికి పట్టా యున్నది గనుక కోర్టునకు చూపుటకు కాగితమున్నది. కాగితమున్నది గనుక వారి గోడు వినబడినది.

కాగితము లేనివాని సంగతి యేమి? జరీబు మడిలో కలుపు తీసిన స్త్రీ, అరటిగెల మోసిన పురుషుడు, పొద్దు పొడువకమునుపే మల్లెమొగ్గలు కోసిన చేతులు, ఒకరి పొలమును కౌలునకు తీసికొని అప్పు చేసి సేద్యము సాగించిన కాపు: వీరందరు ఆ నేలమీదనే బ్రదికిరి. నేల పోయిననాడు వీరి బ్రదుకును పోయినది. ప్రభుత్వపు లెక్కలో వీరికి దక్కిన విలువ యెంతయో పాఠకులు వినవలెను. మెట్ట భూమి నిచ్చిన పట్టాదారునకు ఎకరమునకు ఏటికి 30 వేల రూపాయలు, జరీబు నిచ్చినవానికి 50 వేలు కౌలుగా నిర్ణయించిరి. అది యేటేట పెరుగునట్లును ఏర్పాటు చేసిరి. పైగా అతనికి నగరములో ఇంటిస్థలమును వర్తకస్థలమును కలవు. భూమిలేని కుటుంబమునకో, నెలకు 2,500 రూపాయల పింఛను! అనగా ఏటికి 30 వేలు. ఆలుమగల రెక్కల కష్టము, బిడ్డల భవిష్యత్తు అన్నియు కలిపి ఒక యెకరము మెట్టనేలతో సమానమని తూచిరి. పట్టాదారుని కౌలు ఏటేట పెరుగుచుండ కూలివాని పింఛను ఏండ్ల తరబడి అట్లే నిలిచినది. దానిని పెంచుట చాలకాలమునకుగాని జరుగలేదు. ఈ నడుమ బియ్యపు ధర నిలిచినదా? పప్పు ధర నిలిచినదా?

‘కూలివానికి భూమియే లేనప్పుడు వాడు పోగొట్టుకొన్నదేమి?’ అని కొందరు పెద్దలు వాదింతురు. ఈ వాదమును మన దేశపు శాసనమే త్రోసివేసినది. 2013 భూసేకరణ చట్టము వ్యవసాయకూలీలను, కౌలుదార్లను గూడ బాధిత కుటుంబములుగా నంగీకరించినది. భూసేకరణమునకు మారుగా సమీకరణమను క్రొత్తదారి తొక్కినంతమాత్రమున న్యాయము మారునా? పేరు మారిన కడుపు మారునా?

‘నగరము పెరిగిన పనులు పెరుగును’ అనునది రెండవ వాదము. పని యెక్కడ? 2019 మొదలు 2024 వరకు నిర్మాణములు నిలిచిపోయెను. సచివాలయ సౌధములకై త్రవ్విన పునాదులలో నీరు నిండినది. మడిలోని పని పోయి, మేడలోని పని రాక, ఆ యైదేండ్లు కూలివాడు దూరపు పొలములకు ఆటోలలో కిక్కిరిసి పోవలసివచ్చినది. పనులు మరల మొదలైన మాట నిజమే. 2025 మే 2వ తేదీన ప్రధానమంత్రి వచ్చి పునఃప్రారంభమును చేసిరి. ప్రపంచబ్యాంకు మొదలగువారు వేలకోట్ల ఋణము నిచ్చుచున్నారు. కాని కలుపు తీసిన చేతికి తాపీపని నేర్పక, యంత్రము నడుపుట నేర్పక, ‘పనులున్నవి, పొమ్ము’ అనుట పరిహాసము గాక మరేమి?

మేము కోరునది భిక్ష కాదు. రాజధాని ప్రాంతాభివృద్ధి చట్టమే సమీకరించిన భూమిలో నూటికి 5 వంతులు పేదల యిండ్లకు కేటాయింపవలెనని చెప్పుచున్నది. ఆ భాగమును ఊరిబయట, మురుగుకాలువ ప్రక్క చూపక, నగరము నడిబొడ్డున చూపవలెను. అందు మొదటి హక్కు ఆ గ్రామముల కూలీలకే యుండవలెను. కూలివాని పింఛనును పట్టాదారుని కౌలువలె ఏటేట పెరుగవలెను. నిర్మాణపు పనులలో స్థానికులకు శిక్షణయు, పాలును ఒప్పందపు షరతులుగా వ్రాయవలెను. 2025లో ప్రభుత్వము రెండవ విడత సమీకరణమును తలపెట్టినది గదా! అందు ఎకరములు లెక్కించుటకు ముందు మనుష్యులను లెక్కింపుడు. పట్టాదారుని పేరు వ్రాయు పుటలోనే కౌలుదారుని పేరును, కూలిదాని పేరును వ్రాయుడు.

ఏలికలు మారుదురు, పటములు మారును, శిలాఫలకముల మీది పేళ్లును మారును. మారనిది ఋణ మొక్కటే. అన్నము పెట్టిన నేలను అడిగి తీసికొన్నవారు ఆ నేలను పండించిన చేతికి ఋణపడియున్నారు. ఆ ఋణము తీరిననాడే అమరావతి ఆంధ్రుల రాజధాని యగును. అంతవరకు అది పట్టా గలవారి పట్టణము మాత్రమే.